ఇంజిన్ ఎక్కించేటప్పుడు ప్యాకింగ్ దగ్గర కంజూసీ వద్దు

రాత్రి పదకొండు దాటాక జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దిక్కు పోతూ రోడ్డు పక్కన ఆగిన బండ్లను ఒకసారి చూడండి. సీటు వెనక్కి వాల్చి పడుకున్న డ్రైవర్లు కనిపిస్తారు. సాబ్ లోపల దావత్‌లో ఉంటాడు, కాదంటే డబ్బింగ్‌లో ఉంటాడు, అదీ కాదంటే కథ వింటుంటాడు. ఎప్పుడు బయటికి వస్తాడో అల్లాకే ఎరుక. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, ఇంజిన్ నడుస్తుండగానే డ్రైవర్ ఒక కునుకు తీస్తాడు. వాళ్లలో మనోళ్లు ఎంతమందో మీకు నేను చెప్పే జరూరత్ లేదు. షేక్‌పేట, టోలిచౌకి, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ మొహల్లాల్లో గల్లీకి నలుగురు స్టీరింగ్ మీద బతికేవాళ్లే. ఆ బండ్లను రిపేర్ చేసే కార్ఖానాల్లోనూ మనోళ్లే. ఇంజిన్ దించే చెయ్యి మనది, ఆ ఇంజిన్ వెనక నిద్రపోయే తల కూడా మనదే.

అందుకే ఇవాళ ఒక చిన్న సామాను గురించి రాస్తున్నా. ఇంజిన్ హెడ్‌కీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మధ్య పెట్టే ప్యాకింగ్. కితాబుల్లో గ్యాస్కెట్ అని ఉంటుంది. మన కార్ఖానాల్లో ఎవరూ ఆ మాట అనరు, ప్యాకింగ్ అనే అంటారు. నా రాయ్ సాఫ్‌గా చెప్తా. ఇంజిన్ దించి మళ్లీ ఎక్కించినప్పుడు పాత ప్యాకింగ్‌నే పెట్టి, దాని మీద ఇంత పేస్ట్ పూసి బండిని బయటికి పంపడం బద్‌దయానతీ. ఆ బద్‌దయానతీలో మెకానిక్ హిస్సా కొంత. బండి మాలిక్ హిస్సా అంతకన్నా ఎక్కువ.

ముందు ఆ ప్యాకింగ్ పనేంటో చూద్దాం. పెట్రోల్ కాలాక వచ్చే గాలి సిలిండర్‌లోంచి బయటపడే మొదటి దర్వాజా మానిఫోల్డ్. బండి మీద జోర్ పడినప్పుడు అక్కడ గాలి వేడి 800 డిగ్రీలు కూడా దాటుతుంది. నాలుగు సిలిండర్ల గాలిని నాలుగు దారుల్లోంచి ఒక్క గొట్టంలోకి తెచ్చి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి, అక్కడి నుంచి సైలెన్సర్‌లోకి పంపడం దీని పని. కుర్రాళ్లు షౌక్‌తో బిగించుకునే హెడర్లు కూడా ఇదే. పోత ఇనుము బదులు వంచిన పైపులు ఉంటాయి, అంతే ఫరక్.

ఇక్కడ ఒక ముఖ్యమైన బాత్ ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ జహర్ గాలిని చాలావరకు సాఫ్ చేస్తుంది. కానీ మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర లీకయ్యే గాలి ఆ కన్వర్టర్ దాకా పోనే పోదు. అది కచ్చా గాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉండి అప్పుడే స్టార్టయినప్పుడు మరీ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పది లక్షల భాగాల గాలిలో 200 భాగాలుంటే చాలు, రెండు మూడు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. షూటింగ్ దగ్గర డ్రైవర్ వెయిటింగ్ అంతకన్నా లంబా ఉంటుంది.

అది బానెట్ కింది నుంచి లోపలికి ఎలా వస్తుంది? ఏసీకి బయటి గాలిని తీసుకునే జాలీ ముందు అద్దం కింద, బానెట్ చివర ఉంటుంది. ఆగిన బండిలో, గాలి కదలని రాత్రి, లీకైన పొగ అక్కడే చేరుతుంది. రెండో దారి గురించి ఎవరూ మాట్లాడరు. ఇంజిన్ దించినప్పుడు వైరింగ్, కేబుళ్లు లాగుతారు కదా. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో ఆ వైర్లు దూరే రంధ్రాలకు రబ్బర్ గ్రామెట్లు ఉంటాయి. ఎక్కించేటప్పుడు వాటిలో ఒకటో రెండో కింద పడి ఊడ్పులో పోతాయి. లీకు ఒక దర్వాజా, ఆ రంధ్రం ఇంకో దర్వాజా. రెండూ ఖులా ఉంటే మధ్యలో పడుకున్నవాడి సంగతి ఆలోచించండి.

డీజిల్ బండ్లలో కార్బన్ మోనాక్సైడ్ చాలా తక్కువ, ఆ మాట ఇమాన్‌దారీగా ఒప్పుకోవాలి. సినిమావాళ్లకు ఇష్టమైన పాత ఇన్నోవాలు ఎక్కువగా డీజిలే. అయితే ఇప్పుడు పెట్రోల్ బండ్లూ హైబ్రిడ్లూ పెరుగుతున్నాయి. హైబ్రిడ్‌లో అయితే డ్రైవర్ నిద్రలో ఉండగానే బ్యాటరీ తగ్గితే ఇంజిన్ దానంతట అదే స్టార్ట్ అవుతుంది.

సరే, పేస్ట్ పూస్తే ఎందుకు ఆగదు? ఈ సవాల్‌కు జవాబు నేను ఏడో ఎనిమిదో క్లాసులోనే చదివాను, ఉర్దూలో. మా సైన్స్ మాస్టర్ సాబ్ ఇత్తడి గుండును దీపం మీద కాచి, అది రింగులోంచి దూరకపోవడం చూపించి 'హరారతీ ఫైలావ్' అని బోర్డు మీద రాశారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే సంగతి 'ఉష్ణ వ్యాకోచం' అని తెలిసింది. పేరు ఏదైనా హిసాబ్ ఒక్కటే. 40 సెంటీమీటర్ల పోత ఇనుప మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని పట్టుకున్న అల్యూమినియం హెడ్ చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి, అది వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఒక మిల్లీమీటర్ కూడా సాగదు. అంటే బండి వేడెక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్ హెడ్ మీద జరుగుతుంది, చల్లారిన ప్రతిసారీ వెనక్కి వస్తుంది. చివరి స్టడ్ల రంధ్రాలు కొంచెం పెద్దగా, కోలగా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందా? ఆ జరుగుడుకు జగా ఇవ్వడానికే.

ఈ జరుగుడును ఓర్చుకునేలా తయారైంది ప్యాకింగ్. స్టీలు రేకుల పొరలతోనో, గ్రాఫైట్‌తోనో చేస్తారు. ఒకసారి బిగించాక అది నలిగి, ఆ హెడ్‌కీ ఆ మానిఫోల్డ్‌కీ ఉన్న ఎత్తుపల్లాలకు సరిపోయేలా కూర్చుంటుంది. విప్పి మళ్లీ పెడితే అదే చోట అదే తీరుగా కూర్చోదు. ఇక ఎర్ర సిలికాన్ పేస్ట్ ఓర్చుకునే వేడి 300 డిగ్రీల చుట్టూ. ఆయిల్ చాంబర్‌కు, వాటర్ పంపుకు అది బేష్. మానిఫోల్డ్ దగ్గర కొన్నాళ్లకే కాలి, పొడై రాలిపోతుంది. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను కూడా ఖరాబ్ చేయొచ్చు. తర్వాత మాలిక్ సెన్సర్‌కు వేలు పెట్టి, "ఈ కంపెనీ బండే ఇంత" అని తిట్టుకుంటాడు.

యూసుఫ్‌గూడలో నాకు తెలిసిన ఒక ఉస్తాద్ ఉన్నారు. అరవై దాటాయి. పేరు రాయొద్దన్నారు. అంబాసిడర్ మీద పని నేర్చుకున్న తరం ఆయనది. అంబాసిడర్‌లో కార్బురేటర్ వైపు దారీ పొగ వైపు దారీ హెడ్‌కు ఒకే పక్కన ఉండేవి, రెంటికీ కలిపి ఒకటే ప్యాకింగ్. అది పోతే రెండు పక్కలా తమాషా. 2014లో ఆ బండి తయారీయే ఆగిపోయింది గానీ, అది నేర్పిన సబర్ ఉస్తాద్ చేతుల్లో ఇంకా ఉంది. కొత్త బండ్లలో కొన్నింటికి మానిఫోల్డ్ హెడ్‌లోనే కలిసి పోతపోసి ఉంటుంది. అక్కడ ప్యాకింగ్ టర్బో దగ్గరో కన్వర్టర్ దగ్గరో ఉంటుందని, ఉసూల్ మాత్రం అదేనని ఆయన అంటారు.

ఆయన దగ్గర నేను చూసిన తరీఖా రాస్తాను. మీ ఇంట్లో పని నేర్చుకునే కుర్రాడుంటే చదివి వినిపించండి.

ఇంజిన్ బయట ఉండగానే, ఎక్కించకముందే, ఆయన మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు పట్టీ నిలబెట్టి కింద ఫిల్లర్ గేజ్ దూర్చి చూస్తారు. ముఖం వంగితే ఎంత కొత్త ప్యాకింగ్ పెట్టినా ఫాయిదా లేదు. కంపెనీ ఇచ్చిన లిమిట్ దాటితే లేత్ దుకాన్‌కు పంపి ఫేసింగ్ చేయిస్తారు. హెడ్ వైపు అల్యూమినియం గనక గ్రైండర్ పెట్టనివ్వరు. పాత ప్యాకింగ్ ముక్కల్ని మెల్లగా గీకిస్తారు. తర్వాత స్టడ్లు. ఏళ్ల తరబడి వేడికి కాలి తుప్పుపట్టిన స్టడ్ విప్పేటప్పుడు విరగడం మామూలే. ఎక్కువగా చివరిది విరుగుతుంది, ఎందుకంటే సాగుడు జోర్ అక్కడే ఎక్కువ. విరిగినదాన్ని డ్రిల్ చేసి తీయడానికి కొన్నిసార్లు పూట పడుతుంది. "మిగతావి ఉన్నాయి కదా, చల్తా" అని ఎక్కించేసే కార్ఖానాలు బోలెడు. లీకు మొదలయ్యేది సరిగ్గా ఆ లేని స్టడ్ దగ్గరే. ఇంజిన్ బయట ఉన్నప్పుడు పూట పట్టే పని, లోపలికి ఎక్కించాక రెండు రోజుల పని అవుతుంది. చెయ్యి దూరదు, డ్రిల్ దూరదు.

ప్యాకింగ్ సూఖా పెడతారు. పేస్ట్ లేదు, గ్రీజు లేదు. ఉబ్బు ఏ వైపు ఉండాలో చూసి పెడతారు, ఉల్టా పడితే అన్ని పోర్టులూ సరిగ్గా మూయవు. నట్లు ముందు చేత్తో తిప్పి కూర్చోబెడతారు. బిగింపు నడిమధ్య నుంచి మొదలై అటొకటి ఇటొకటి చివరల దాకా పోతుంది. ఒకే దఫాలో కాదు, మూడు దఫాల్లో. చివరి దఫా టార్క్ రెంచ్‌తో. చాలా చిన్న బండ్లలో 8 మిల్లీమీటర్ల స్టడ్‌కు 20, 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. అసలు లెక్క ఆ బండి మాన్యువల్‌లో ఉన్నదే. గట్టిగా బిగిస్తే బాగా ఆగుతుందనేది మన కార్ఖానాల్లో పాతుకుపోయిన వహమ్. అతిగా బిగిస్తే స్టడ్ సాగుతుంది, సాగిన స్టడ్ పట్టు వదిలేస్తుంది.

"కస్‌నా హునర్ నహీ బేటా, బరాబర్ కస్‌నా హునర్ హై" అని షాగిర్ద్‌తో అంటుంటే విన్నాను.

కింది పైపును మానిఫోల్డ్‌కు వేలాడనివ్వరు. దాని క్లాంపులు, రబ్బర్లు అన్నీ వదులుగా తగిలించి, ఇంజిన్ దాని మౌంటింగుల మీద పూర్తిగా కూర్చున్నాక, హెడ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ పోతారు. చివరగా రేకు కవర్, హీట్ షీల్డ్. ఇది చాలా కార్ఖానాల్లో మూలన పడేసి ఉంటుంది, "చప్పుడు చేస్తుంది" అని బహానా.

ఆ తర్వాత పరీక్ష. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వినాలి. లీకుంటే టిక్ టిక్ అని వినిపిస్తుంది, ఇంజిన్ వేడెక్కి ఇనుము సాగాక ఆ చప్పుడు తగ్గుతుంది, కొన్నిసార్లు పూర్తిగా మాయమవుతుంది. అందుకే మాలిక్ సాయంత్రం వేడి బండి తెచ్చి "పొద్దున చప్పుడొచ్చింది, ఇప్పుడు లేదు" అంటాడు, మెకానిక్ నవ్వి పంపేస్తాడు. ఉస్తాద్ నవ్వరు, బండిని రాత్రి ఉంచమంటారు. పొద్దున చల్లటి ఇంజిన్ మీద సబ్బు నీళ్లు చల్లి, వెనక సైలెన్సర్ నుంచి మామూలు గాలి ఊదించి బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తారు. ప్యాకింగ్ అంచున నల్లటి మసి గీత ఉంటే దానికన్నా పెద్ద గవాహ్ అక్కర్లేదు.

ఇంత మెహనత్‌లో ఖర్చు ఎక్కడుంది? మామూలు చిన్న బండ్లకు ఈ ప్యాకింగ్ ఖరీదు వందల్లోనే ఉంటుంది. ఇంజిన్ బోర్ చేయించడానికి వేలకు వేలు పోస్తారు. మరి ఈ వందల దగ్గర ఎందుకు ఆగుతారు? ఇంజిన్ దించి ఎక్కించే పని మనోళ్లు గుత్తకు ఒప్పుకుంటారు, అందుకు. "ఇంతకు చేసిస్తావా లేదా" అని మాలిక్ బేరం చేస్తాడు. రెండు వీధుల అవతల ఇంకో కార్ఖానా వెయ్యి తక్కువకు చేస్తానంటుంది. గుత్త ఖాయమయ్యాక ప్రతి సామానూ మెకానిక్ జేబులోంచే పోతుంది. పిస్టన్ రింగులు తప్పించలేడు, ఆయిల్ తప్పించలేడు, ఎవరికీ కనపడని ప్యాకింగ్ తప్పిస్తాడు. జూబ్లీహిల్స్ కొండ మీద కోట్ల ఇళ్లలో ఉండేవాళ్లు కింద కృష్ణానగర్ కార్ఖానాలో ఐదొందలకు గీసిగీసి బేరమాడటం నేను కళ్లారా చూశాను. ఆ బండిలో రాత్రి పడుకునేది వాళ్లు కాదు.

కాబట్టి మెకానిక్ భాయ్‌లకు నా గుజారిష్. గుత్త ఒప్పుకోండి, కానీ ప్యాకింగులు, స్టడ్లు, గ్రామెట్లు గుత్తలో కలపకండి. వాటిని కాగితం మీద వేరే లైనులో రాయండి, ముందే రాయండి. ఉస్తాద్ చేసే పని ఇంకోటుంది, నాకది మస్తు నచ్చింది. విప్పిన పాత ప్యాకింగ్‌ను కవర్లో వేసి బిల్లుతోపాటు మాలిక్ చేతిలో పెడతారు. మాటల బహస్ అవసరం లేదు. మాలిక్‌లు, డ్రైవర్లు కూడా అడగండి: "పాత ప్యాకింగ్ ఏది?" చూపించలేకపోతే మార్చలేదన్నట్టే లెక్క.

షాగిర్ద్‌ల గురించి కూడా ఒక మాట. సినిమావాళ్లలో పాత బండ్ల షౌక్ ఉన్నవాళ్లున్నారు. పాత బండ్ల ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని గీకి, కంప్రెషర్ గాలితో ఊదితే ఆ ధూళి కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. తడిపి గీకాలి, తడి గుడ్డతో తుడవాలి, ఊదకూడదు. ఈ సంగతి రాసి ఉండే మాన్యువళ్లు ఇంగ్లీషులో ఉంటాయి. కుర్రాడు ఉర్దూ కొంత, తెలుగు కొంత చదివి బడి వదిలినవాడు. మన జబాన్‌లలో ఈ ఇల్మ్ రాసిపెట్టే ఫికర్ ఎవరికీ లేకపోయింది. ముషాయిరాలకు హాళ్లు బుక్ చేసుకుంటాం, మంచిదే, నేనూ పోతాను. ఒక సాయంత్రం అదే హాల్లో ఒక ఉస్తాద్‌ను కూర్చోబెట్టి మానిఫోల్డ్ బిగించే తరీఖా చెప్పించి రికార్డు చేస్తే ఎవరి ఇజ్జత్ తగ్గుతుంది?

సర్కార్ దిక్కు చూద్దామంటే అక్కడ చప్పుడు చేసేదే కనపడుతుంది. రాత్రిళ్లు రోడ్డు నంబర్ 36 మీద, 45 మీద మార్చిన సైలెన్సర్లతో గుండెలదరగొట్టే కుర్రాళ్లను పట్టుకుంటారు, పట్టుకోవాల్సిందే. పొల్యూషన్ సర్టిఫికెట్ తీరు ఇంకా అజీబ్. పరీక్ష గొట్టం పెట్టేది వెనక, సైలెన్సర్ చివర. ముందు మానిఫోల్డ్ దగ్గర లీకుంటే జహర్ గాలి కొంత అక్కడే పోతుంది, రెండు ఊపుల మధ్య ఆ కంతలోంచే బయటి గాలి లోపలికి చేరి వెనక వచ్చే పొగను పల్చన చేస్తుంది. అంటే లీకున్న బండి కూడా దర్జాగా పాసైపోవచ్చు. ఆ దొంగ గాలినే చూసి ఆక్సిజన్ సెన్సర్ మోసపోతుంది, పెట్రోల్ తక్కువైందనుకొని ఇంజిన్ ఇంకా పోస్తుంది. మైలేజ్ పడిపోయిందని డ్రైవర్ మీద షక్ పడతారు. పెట్రోల్ దొంగ అని నౌకరీ పోగొట్టుకున్నవాళ్ల కథలు మీకూ తెలిసే ఉంటాయి. వాళ్లలో కొందరి బండ్లకైనా ఈ ప్యాకింగ్ ఎవరైనా విప్పి చూశారా?

ఇంట్లో డ్రైవర్ ఉన్న ఆపాలకు, భాభీలకు చివరి మాట. ఆయన పొద్దున ఇంటికొచ్చి తల బరువుగా ఉందని, కడుపులో తిప్పుతోందని అంటే నిద్ర చాలలేదనుకుంటాం. రంజాన్‌లో అయితే రోజా వల్ల అనుకుంటాం. బండి నుంచి దూరంగా ఉన్న రోజు ఆ నొప్పి ఉండట్లేదంటే, బండిలో ఎక్కగానే మళ్లీ వస్తోందంటే, వెంటనే బండిని చూపించాలి. అది తేలేదాకా ఇంజిన్ నడుస్తుండగా అందులో పడుకోనివ్వకండి. మగతగా కనిపిస్తే ముందు ఖులా గాలిలోకి తెచ్చి దవాఖానాకు తీసుకుపోండి. కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. దాని మీద భరోసా పెట్టుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంలాగే చదివి 98 చూపిస్తుంది. డాక్టర్‌కు "బండిలో ఏసీ వేసుకొని పడుకున్నాడు" అని మీరే ముందు చెప్పండి, కార్బాక్సీహీమోగ్లోబిన్ రక్త పరీక్ష అడగండి. మామూలు గాలిలో ఆ జహర్ సగం దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు.